మనోడి ముచ్చట ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. నాన్న ప్రభుత్వ పాఠశాలలో టీచర్. 1990 నుంచి 93 దాకా సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీలో డిగ్రీ చదివారు. నా చిన్నప్పటి నుంచి ఇంట్లో ఆ మూడేళ్ళ ముచ్చట్లే. ప్రతి ముచ్చట్లోనూ ఒక స్నేహితుడు ఉంటాడు. నాన్న ఆయన్ని పేరు పెట్టి అనరు, "మనోడు" అంటారు. ఇద్దరిదీ ఒకే రూము. పరేడ్ అయ్యాక పూరీలు పెడతారని చెప్పి మనోణ్ణి ఎన్‌సీసీలోకి లాక్కెళ్ళింది నాన్నే. నాన్న ఏడాదికే మానేశారు. మనోడు మూడేళ్ళూ ఉండి, 'సి' సర్టిఫికెట్ తెచ్చుకుని, ఆర్మీకి సెలెక్టయి ఆర్టిలరీలో చేరారు. 1999లో కార్గిల్ యుద్ధంలో చనిపోయారు.

వచ్చే నెలలో నాన్న బ్యాచ్ వాళ్ళు పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకున్నారు. స్టేజీ మీద మనోడి ఫోటోకు దండ వేస్తాం, నువ్వు రెండు నిమిషాలు మాట్లాడాలి అని నాన్నకు ఫోన్ చేశారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఫోన్లో అరిచి, వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికి వచ్చేశారు. మనోడి తల్లి పరకాల వైపు ఒక ఊళ్ళో ఉంటారు. బస్సెక్కితే ఎంతో దూరం కాదు. అయినా నాన్న ఆమెను చూసి ఇరవై ఏళ్ళు దాటింది. ఎందుకని అడిగితే లేచి వెళ్ళిపోతారు. ఇంకోటి, మనోడు టైగర్ హిల్ మీద పోయాడని ఒకసారి, టోలోలింగ్ మీద పోయాడని ఒకసారి చెప్తారు. నేను తేదీలు వెతికితే రెండూ కలవడం లేదు. బీరువా సర్దుతుంటే మనోడు రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాల కట్ట దొరికింది. విప్పలేదు. జులైలో నాన్నకు చెప్పకుండా ద్రాస్ తీసుకెళ్దామని శ్రీనగర్‌కు ఫ్లైట్ టికెట్లు బుక్ చేశాను. నాన్నకు బీపీ ఉంది, అమ్మ వద్దంటోంది. సమ్మేళనానికి ఒప్పించనా? ఆ తల్లి దగ్గరికి తీసుకెళ్ళనా? ఉత్తరాలు చదవనా? నేను మీ కూతురి వయసుదాన్ని, "నువ్వు" అనే రాయండి.

జవాబు: టికెట్ల సంగతి ముందు తేల్చేద్దాం. మీ అమ్మ మాటే కరెక్టు. క్యాన్సిల్ చెయ్యి.

ద్రాస్ వెళ్ళకూడదని కాదు. టోలోలింగ్ కొండకు దిగువన, శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే రోడ్డు పక్కనే కార్గిల్ యుద్ధ స్మారకం ఉంది. గోడ మీద పేర్లు చెక్కి ఉన్నాయి. ఎప్పుడో ఒకనాడు మీ నాన్నే "పోదామా" అంటే తప్పకుండా వెళ్ళండి. కానీ ఎక్కడికో చెప్పకుండా అంత దూరం తీసుకెళ్ళి, ప్రాణ స్నేహితుడి పేరున్న గోడ ముందు నిలబెట్టి, పక్కనే నువ్వు ఆయన ముఖం చూస్తూ ఉంటే ఆయనకు ఏడ్చే వీలు కూడా ఉండదు. బిడ్డ ఇంత ఖర్చు పెట్టి తెచ్చింది కదా అని ఏదో ఒకటి అనాల్సి వస్తుంది. పైగా ద్రాస్ పదివేల అడుగులకు పైన ఉంది. అక్కడికి చేరాలంటే పదకొండున్నర వేల అడుగుల ఎత్తులో ఉన్న జోజిలా కనుమ దాటాలి. బీపీ ఉన్న మనిషిని డాక్టర్‌ను అడగకుండా అంత ఎత్తుకు తీసుకెళ్ళకూడదు. డాక్టర్‌ను అడిగితే నీ సర్‌ప్రైజ్ ఎలాగూ మిగలదు. జులై 26న అయితే మరీ వద్దు. కార్గిల్ విజయ్ దివస్ రోజు అక్కడ పెద్ద పెద్దవాళ్ళు, కెమెరాలు, కుర్చీల వరుసలు ఉంటాయి. మీ నాన్న ఫోన్లో ఎందుకు అరిచారో అర్థమైతే ఈ మాట ఎందుకంటున్నానో కూడా తెలుస్తుంది.

ఆ అరుపు అర్థం కావాలంటే ముందు పూరీల దగ్గరికి పోవాలి. నువ్వు ఆ సంగతి ఒక్క వాక్యంలో రాసి దాటేశావు. నన్ను ఆపింది అదే.

తొంభైల మొదట్లో పరకాల, ములుగు, నర్సంపేట, జనగామ వైపు ఊళ్ళ నుంచి హనుమకొండకు చదువుకు వచ్చిన పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి గల్లీలో ఒక రూము తీసుకునేవాళ్ళు. ఊరి నుంచి బియ్యం సంచి, తొక్కు సీసా వచ్చేవి. కిరోసిన్ స్టవ్వు మీద అన్నం వండుకోవడం, కూర ఉన్ననాడు కూర, లేనినాడు తొక్కు. నెలాఖరుకు తొక్కు కూడా అడుగంటేది. ఎన్‌సీసీలో పరేడ్ అయ్యాక రిఫ్రెష్‌మెంట్ అని పెడతారు. ఒకచోట పూరీలు, ఒకచోట ఇడ్లీలు, ఇంకోచోట గుడ్డు, అరటిపండు. ఎండలో లెఫ్ట్ రైట్ కొట్టినంతసేపూ పిల్లల కన్ను ఆ ప్లేట్ల మీదే. దేశభక్తి ఆ ప్లేటు దగ్గరే మొదలైందని చెప్పుకుని నవ్వే పాత క్యాడెట్లు చాలామందే ఉన్నారు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అంటే మీ నాన్న అప్పుడు చేసింది ఆకలిగా ఉన్న స్నేహితుణ్ణి తిండి దొరికే చోటికి తీసుకెళ్ళడం. 1999 దాకా ఆయన నోట అది జోకే అయి ఉంటుంది. "పూరీలకు పోయి సోల్జర్ అయిండు మనోడు" అని పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించి ఉంటారు. ఆ ఏడాది తర్వాత అదే జోకు ఆయనకు ఇంకోలా వినపడటం మొదలైంది. తను పిలవకపోతే మనోడు ఎన్‌సీసీకి పోయేవాడు కాదు. సర్టిఫికెట్ వచ్చేది కాదు. ఆర్మీ వైపు చూసేవాడు కాదు. బీఈడీ చేసి ఏ ఊళ్ళోనో టీచర్ అయ్యేవాడు, సరిగ్గా తనలాగే. పాతికేళ్ళకు పైగా ఆయన మనసులో ఈ లెక్క తిరుగుతూనే ఉంది. నీకు ఆ కథ చెప్పేటప్పుడు పూరీల దాకా నవ్వుతూ చెప్పి, ఆ తర్వాత ఏదో పని గుర్తొచ్చినట్టు ఆపేస్తారా? ఆపేస్తారనే నా అనుమానం. ఒకసారి గమనించు.

ఈ లెక్క తప్పని చెప్పడం చాలా తేలిక. తిండి కోసం ఎన్‌సీసీలో చేరిన పిల్లలు ఈరోజు బ్యాంకుల్లో, బడుల్లో, బట్టల షాపుల్లో ఉన్నారు. ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ అంటే 1.6 కిలోమీటర్ల పరుగు, బీమ్ పట్టుకుని పైకి లేవడం, తొమ్మిదడుగుల గుంత దూకడం, ఆపైన మెడికల్. ఒక్క దాంట్లో తప్పినా ఇంటికే. అవన్నీ మనోడు తన కాళ్ళతో, తన ఇష్టంతో దాటాడు. మీ నాన్న తీసుకెళ్ళింది పూరీ దాకానే. ఇదంతా నిజం. అయినా ఈ మాట నువ్వు ఆయనతో అనకు. ఆయన టీచర్, ఈ లాజిక్ ఆయనకు ఎప్పుడో తట్టి ఉంటుంది. తట్టినా బరువు దిగలేదు. నువ్వు మళ్ళీ అదే చెప్తే, నీతో ఈ సంగతి మాట్లాడి లాభం లేదని ఆయన అనుకుంటారు, అంతే. "నీ తప్పేం లేదు" అనే మాట కూతురు అంటే వినడానికి బాగుంటుంది. కానీ ఆయన ఆ మాట వినాల్సింది నీ నోటి నుంచి కాదు. ఆ మనిషి దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు సమ్మేళనం. బ్యాచ్ వాళ్ళది తప్పని నేననను. స్టేజీ, ఫ్లెక్సీ, జ్యోతి వెలిగించడం, పోయిన మిత్రులకు రెండు నిమిషాల మౌనం, గురువులకు సన్మానం, ఆ తర్వాత భోజనాలు. మన దగ్గర సమ్మేళనాలన్నీ ఇలాగే నడుస్తాయి. వాళ్ళకు మనోడు బ్యాచ్‌కు పేరు తెచ్చిన వీరుడు. అసలు మన ప్రాంతానికి అమరుల్ని తలుచుకోవడం కొత్తేమీ కాదు. హనుమకొండ అదాలత్ దగ్గర తెలంగాణ అమరవీరుల స్థూపం ఉంది. పరకాలలో, 1947 సెప్టెంబర్ 2న జాతీయ జెండా ఎగరేయబోయి కాల్పుల్లో పోయినవాళ్ళ గుర్తుగా అమరధామం ఉంది. ఫోటోకు దండ వేయడం మనకు బాగా వచ్చు. ఆ ఫోటోలో ఉన్నవాడు రూము కిరాయి టైముకు కట్టలేక ఓనర్‌కు కనపడకుండా గోడ దూకాడని చెప్పడం మాత్రం రాదు. స్టేజీ మీద చెప్తే అమర్యాద అనుకుంటారు. మరి అవి చెప్పకూడదంటే మీ నాన్న దగ్గర చెప్పడానికి ఏముంది? యూనిఫాం వేసుకున్న మనోడి గురించి ఆయనకు తెలిసింది బ్యాచ్ అందరికీ తెలిసిందే. ఆయనకు బాగా తెలిసినవాడు లుంగీ కట్టుకుని స్టవ్వు ముందు కూర్చుని, అన్నం మాడిందని తిట్లు తిన్నవాడు. వాణ్ణి పక్కన పెట్టి వీరుణ్ణి పొగడమంటే ఆయనకు నోరు రాదు.

ఇంకో భయం కూడా ఉంటుంది. ఎదురుగా కూర్చునేవాళ్ళంతా పూరీల సంగతి తెలిసినవాళ్ళే. వాళ్ళలో ఒకడు సరదాగా "నువ్వే కదరా తీస్కపోయినవ్" అంటాడు. ఏమో, ఆ ఫోన్లోనే అన్నాడేమో.

కాబట్టి ఒప్పించకు. నాన్నతో చెప్పి, సమ్మేళనం చూసుకుంటున్న ఆయనకు నువ్వే ఫోన్ చెయ్యి. "అంకుల్, నాన్నను స్టేజీ మీదికి పిలవకండి, వచ్చేదీ రానిదీ నాన్న ఇష్టం" అను. ఫోటో పెట్టుకోవద్దని మాత్రం అనకు, వాళ్ళకూ వాడు స్నేహితుడే. వెళ్తే మీ నాన్న ఫంక్షన్ హాల్ బయట, చెట్టు కింద ముగ్గురు నలుగురితో నిలబడి మాట్లాడుకుంటారు. సమ్మేళనాల్లో అసలు ముచ్చట ఎప్పుడూ అక్కడే నడుస్తుంది. వెళ్ళకపోతే కొంపలేమీ మునగవు.

టైగర్ హిల్, టోలోలింగ్ సంగతి. నువ్వు చూసిన తేదీలు సరైనవే. టోలోలింగ్ జూన్ 13న మన చేతికి వచ్చింది, టైగర్ హిల్ జులై 4న. ఒక మనిషి రెండు చోట్లా పోలేడు. కానీ ఆ రోజులు ఎలా ఉండేవో మీ అమ్మను అడుగు. మన దేశం చేస్తున్న యుద్ధాన్ని ఇంట్లో కూర్చుని టీవీలో చూడటం మనవాళ్ళకు అదే మొదటిసారి. వార్తల్లో మళ్ళీమళ్ళీ వినపడిన పేర్లు అవే. ఇక్కడి నుంచి సైనికుడికి ఉత్తరం రాస్తే అడ్రసులో 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఆర్మీ పోస్టాఫీసు నంబర్ ఉంటుంది తప్ప ఊరి పేరు ఉండదు, కొండ పేరు ఉండదు. వాళ్ళు కూడా ఎక్కడున్నారో రాయకూడదు. అందులోనూ మనోడు ఆర్టిలరీ. ఫిరంగులు శిఖరాల మీద ఉండవు, కింద లోయల్లో, రోడ్డు పొడుగునా మోహరించి ఉండేవి. పైకి ఎక్కే పదాతి దళానికి దారి చేయడం వాళ్ళ పని. అవతలివాళ్ళ గుండ్లు వెతుక్కుంటూ వచ్చేది కూడా ఆ ఫిరంగుల దగ్గరికే. ఆర్టిలరీలో కొందరు పదాతి దళంతో పాటు పైకి వెళ్ళి, గుండు ఎక్కడ పడాలో వైర్‌లెస్‌లో చెప్పేవాళ్ళు. వీటిలో మనోడు ఏ పని మీద ఉన్నాడో మీ నాన్నకు ఎవరూ చెప్పి ఉండరు. అందుకే టీవీలో విన్న పేరు పెట్టుకున్నారు. మనోడి ఊరు కూడా అదే చేసి ఉంటుంది.

మనిషికి పదిహేను, పాతికేళ్ళ మధ్య జరిగినవే మిగతా జీవితం కంటే ఎక్కువగా గుర్తుంటాయని మనస్తత్వ శాస్త్రం ఎప్పటి నుంచో చెప్తోంది. ఎక్కువగా గుర్తుండటం వేరు, ఉన్నదున్నట్టు గుర్తుండటం వేరు. చెప్పిన ప్రతిసారీ కొంచెం మారుతుంది. భద్రకాళి చెరువు కట్ట మీద సైకిల్ మీంచి పడిందీ, పరీక్ష రోజు నిద్రలేవనిదీ ఒక ఏడు మనోడు, ఇంకో ఏడు నాన్న అయిపోతూ ఉంటే కంగారు పడకు. ఒకే రూములో మూడేళ్ళు ఉన్నవాళ్ళ సంగతి అది. అన్నం తినేటప్పుడు "లేదు నాన్నా, టైగర్ హిల్ జులైలో" అని మాత్రం సరిచేయకు.

నిజం నీకోసం తెలుసుకోవాలంటే దారి ఉంది. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకంలో, స్వాతంత్ర్యం తర్వాత విధి నిర్వహణలో పోయిన సైనికుల పేర్లు గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. దాని వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు. మీ నాన్నకు ఎక్కడికైనా వెళ్ళాలని ఉంటే నేను ద్రాస్ కంటే ముందు ఢిల్లీ పొమ్మంటాను. కొండ ఎక్కే పని లేదు, కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దిగేది ఢిల్లీలోనే. అప్పట్లో దాన్ని ఏపీ ఎక్స్‌ప్రెస్ అనేవాళ్ళం. సెలవు అయిపోయాక మనోడు ఆ రైలు ఎక్కుతుంటే మీ నాన్న ప్లాట్‌ఫాం మీద నిలబడే ఉంటారు.

ఇక ఆ తల్లి. నువ్వు మూడు ప్రశ్నల్లో ఒకటిగా అడిగావు గానీ అసలు ప్రశ్న ఇదొక్కటే.

ఆమె కోప్పడుతుందని మీ నాన్న వెళ్ళడం లేదని నేననుకోను. మొదట్లో వెళ్ళే ఉంటారు. అధికారిక లెక్కల్లో ఆ యుద్ధంలో పోయినవాళ్ళు 527 మంది. వాళ్ళ శరీరాలను సొంత ఊళ్ళకు పంపారు కాబట్టి దేశంలో ఎన్నో పల్లెలు ఆ పెట్టెను కళ్ళారా చూశాయి. ఆ రోజు ఊరంతా ఉంటుంది. ఆర్మీ బండి, గాల్లోకి తుపాకులు, నాయకులు, పేపర్లవాళ్ళు. ఆ గుంపులో ఒకడిగా నిలబడటం కష్టం కాదు. కష్టమైంది ఆ తర్వాత. మీ నాన్నకు ఉద్యోగం కుదిరింది, నువ్వు పుట్టావు, ఇల్లు కట్టుకున్నారు, జుట్టు నెరిసింది. మన ఊళ్ళల్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆ కొడుకు దోస్తును చూడగానే ఏమంటుందో విన్నావా? గదువ పట్టుకుని, "నా కొడుకు ఈడోడే" అంటుంది. నిందగా అనదు, ప్రేమతోనే అంటుంది. కానీ విన్నవాడు ఆ రాత్రి నిద్రపోడు. మనోడి వయసు పాతికేళ్ళ దగ్గర ఆగిపోయింది. వాడు బతికుంటే ఎలా ఉండేవాడో ఆమెకు తెలియాలంటే మీ నాన్న ముఖం చూడాలి. నెరిసిన జుట్టుతో, కళ్ళద్దాలతో, పెద్దయిన కూతురితో ఆమె ముందుకు వెళ్ళి నిలబడటం ఆయన వల్ల కావడం లేదు. ఒక ఏడు పోకపోతే రెండో ఏడు పోవడం ఇంకా కష్టం. "ఇన్నేండ్లు రానోనివి ఇప్పుడెందుకొచ్చినవ్" అంటుందేమోనన్న బెరుకు కూడా తోడవుతుంది. అలా చూస్తూ చూస్తూ ఇరవై ఏళ్ళు దాటింది.

ఇప్పుడు ఆమె వైపు నుంచి చూడు. కొడుకు గుర్తులని ఆమె దగ్గర ఏముంటాయి? ఆర్మీ కాగితాలు, మెడల్, ఫోటో. జులైలో, ఆగస్టు 15న వచ్చి శాలువా కప్పేవాళ్ళు. అన్నీ సైనికుడివే. పదిహేడు, పద్దెనిమిదేళ్ళకు ఇల్లు వదిలి హనుమకొండ పోయిన పిల్లాడు ఆ మూడేళ్ళు ఏం వండుకున్నాడు, ఎవరితో కొట్లాడాడు, జ్వరం వస్తే ఎవరు చూశారు, ఏ సబ్జెక్టులో తప్పాడు, తను పంపిన తొక్కు ఎంతమందికి పంచాడు, ఇవేవీ ఆమెకు తెలియవు. ఆ వయసు పిల్లలు తల్లులకు చెప్పరు. పెళ్ళయి, పిల్లలు పుట్టాక, పండక్కి వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని "అప్పుడు గిట్ల జేసినమే అవ్వా" అని చెప్పి నవ్విస్తారు. మనోడికి ఆ వయసు రాలేదు. అవన్నీ మీ నాన్న దగ్గరే ఉండిపోయాయి. కొడుకు పెట్టె ఇంటికి వచ్చింది గానీ, రూములోని సామాను ఇంకా రానట్టే. మీ నాన్న అక్కడికి వెళ్ళాల్సింది క్షమాపణ అడగడానికి కాదు, ఆ ముచ్చట్లు ఆమెకు చెప్పి రావడానికి.

ఎలా వెళ్ళాలంటే, ముందు వాళ్ళ ఇంట్లో అడగాలి. ఆమె పెద్దావిడ, ఆరోగ్యం ఎలా ఉందో, జ్ఞాపకం ఎలా ఉందో తెలియకుండా పోకూడదు. తమ్ముడో, అక్కాచెల్లెళ్ళో ఎవరో ఒకరు ఉంటారు. బ్యాచ్‌లో ఆ ఊరి వైపు వాళ్ళను అడుగు, లేదంటే ఆ ఊరి బడిలో పనిచేసే టీచర్‌ను పట్టుకో. మీ నాన్న ఉద్యోగం ఇక్కడ పనికొస్తుంది. సైనిక సంక్షేమ కార్యాలయం వాళ్ళు కుటుంబం ఫోన్ నంబర్ ఇవ్వకపోవచ్చు, కానీ నీ మాట వాళ్ళకు చేరవేయమని అడగొచ్చు. ఆమెకు వద్దనిపిస్తే అక్కడితో ఆగిపో.

నాన్నతో "వెళ్దాం పద" అనకు. ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, "మనోడి కాలేజీ ముచ్చట్లు వాళ్ళమ్మకు ఎవరన్నా చెప్పారా నాన్నా?" అని ఒక్కసారి అడుగు. జవాబు రాకపోయినా రెట్టించకు. ఆమె వయసు సంగతి ఒక్కసారి గుర్తు చేస్తే చాలు. ఆ తర్వాత ఆయన ఎప్పుడు కదులుతారో ఆయన ఇష్టం. కదలకపోవచ్చు కూడా, దానికి నువ్వు సిద్ధంగా ఉండాలి.

బయల్దేరితే మాత్రం మామూలు రోజున వెళ్ళమను. జులై 26 వద్దు, పెత్తరమాస వద్దు. శాలువా కొనకు, శాలువాలు ఆమెకు చాలానే వచ్చి ఉంటాయి. పండ్లు తీసుకెళ్తే చాలు. మొదటిసారి నువ్వు వెళ్ళకు, మీ అమ్మను పంపు. నువ్వు పక్కనుంటే ఆయన నాన్నగానే ఉంటారు, గొంతు సవరించుకుని కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. మీ అమ్మ ముందు ఆ అవసరం ఉండదు. నిన్ను చూడాలని ఆ తల్లే అడుగుతుంది, అప్పుడు రెండోసారి వెళ్ళు. పూరీల సంగతి చెప్పాలా వద్దా అన్నది ఆయనకు వదిలేయి. చెప్తే ఆమె నవ్వొచ్చు, ఏడవొచ్చు, "నువ్వు తీస్కపోకపోతే" అని ఒక మాట అననూ వచ్చు. నేను భరోసా ఇవ్వలేను. ఆ మాట ఆయన తనను తాను ఎన్నోసార్లు అనుకున్నదే కాబట్టి, ఆమె అన్నంత మాత్రాన కుప్పకూలిపోరని నా నమ్మకం.

ఆయన నిద్ర తగ్గిపోయినా, తిండి మీద ధ్యాస లేకపోయినా, తాగుడు ఎక్కువైనా, "వాడి బదులు నేను పోవాల్సింది" లాంటి మాటలు వినపడినా ఆలస్యం చేయకు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉన్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. నీ ఉత్తరాన్ని బట్టి చూస్తే అంత దూరం పోయినట్టు లేదు.

ఉత్తరాలు విప్పకుండా మంచి పని చేశావు. చదవకు. దొరికాయని మాత్రం ఆయనకు చెప్పు, దాచిపెడితే రేపు ఇంకో గొడవ. ఆయనే విప్పి చూపిస్తే కొన్ని జాగ్రత్తలు. లామినేషన్ చేయించకు, ఒకసారి చేస్తే ఇక విప్పలేం. చిరిగిన చోట సెల్లోటేప్ వేయకు, కొన్నేళ్ళకు అది పచ్చబడి కాగితాన్ని తినేస్తుంది. గుండుసూదులు, స్టేపుల్స్ ఉంటే తీసెయ్యి, తుప్పు పడుతుంది. ఎండ తగలని చోట, పాలిథీన్ కవర్లో కాకుండా కాగితం కవర్లో పెట్టు. అసలు ఉత్తరాలు ఎవరి దగ్గర ఉండాలో మీ నాన్న, ఆ తల్లి తేల్చుకుంటారు, నువ్వు మధ్యలోకి వెళ్ళకు. ఆయన సరే అంటే రెండు సెట్లు జిరాక్స్ తీయించు. ఇన్‌లాండ్‌లో చోటు చాలక మడతల లోపల, అంటించే అంచు మీద అడ్డంగా కూడా రాసేవాళ్ళు, అవి వదిలిపోకుండా షాపు అతనికి నువ్వే దగ్గరుండి చూపించు.